రాక్ సంగీతంలో ఆమె పేరేదీ?

"ఏటే ఆ రొద? సెవులు సిల్లులు పడిపోతన్నాయి. కాస్త తగ్గించీ!"

ఇంట్లో ఆడపిల్ల రాక్ పాట పెట్టిందంటే విజయనగరంలోనైనా, శ్రీకాకుళంలోనైనా, పలాసలోనైనా ముందుగా వినబడే మాట ఇదే. అబ్బాయి పెడితే "కుర్రాడు కదా" అని ఊరుకుంటారు. అమ్మాయి పెడితే మాత్రం "ఇదేం పాడు సరదా" అంటారు.

మరి రొద మనకు కొత్తా? పైడితల్లమ్మ సిరిమాను పండగ వచ్చిందంటే విజయనగరం వీధులన్నీ డప్పులతో దద్దరిల్లిపోవూ? గుండెలకు తప్పెట కట్టుకుని, కాళ్ల గజ్జెలతో ఎగిరెగిరి ఆడే తప్పెటగుళ్ళు మనవే. జముకు తీగ లాగి అమ్మవారి కథ చెబుతుంటే ఆ మోత చెవికంటే ముందు పొట్టలో తెలుస్తుంది. రాక్ బృందంలో బేస్ గిటార్ చేసే పనీ అచ్చంగా అదే!

అయితే తప్పెటగుళ్ళు ఆడేది సంప్రదాయంగా మగవాళ్లే. రాక్ కూడా చాలాకాలం అంతే. నలుగురు మగవాళ్లు, మూడు గిటార్లు, ఒక డ్రమ్స్ సెట్టు. ఆడవాళ్లు కింద నిలబడి కేకలు వేసే అభిమానులు మాత్రమే అన్నట్టు ఉండేది వ్యవహారం. ముప్ఫై ఏళ్లుగా ఈ పాటలు వింటున్న విజయనగరం మనిషిగా నా అభిప్రాయం ఒకటుంది. మహామహా మగ బృందాల పేరుపొందిన ఆల్బమ్‌లు తీసి వినండి. వాటిలో మన ఒళ్లు జలదరించే చోట చాలాసార్లు ఒక ఆడమనిషి ఉంటుంది. ఆమె పేరేమిటి, ఎంత ఇచ్చారు, కవరు మీద ఎలా వేశారు అని అడిగితే మాత్రం కథ మారిపోతుంది.

వంట అయ్యేలోపు ఒక ఆల్బమ్

ముందుగా ఆల్బమ్ అంటే ఏమిటో చూద్దాం. మనకు అలవాటైన సినిమా కేసెట్‌లో ఒక యుగళగీతం, ఒక విషాదగీతం, ఒక హుషారు పాట... ఏది నచ్చితే అది వింటాం. మంచి రాక్ ఆల్బమ్ అలా కాదు. ఏ పాట తర్వాత ఏ పాట రావాలో కూడా ఆలోచించి పేరుస్తారు. మన అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు గారి హరికథను మధ్యలో పది నిమిషాలు విని లేచిపోతే ఏం తెలుస్తుంది? ఇదీ అలాంటిదే. మొదట్నుంచి చివరిదాకా కూర్చోవాలి.

అలా అని పూట గడిచిపోదు. చాలా ఆల్బమ్‌లు నలభై, నలభై అయిదు నిమిషాలే. కేసెట్ల రోజుల్లో 90 నిమిషాల ఖాళీ కేసెట్ కొంటే ఒక్కో వైపు ఒక్కో ఆల్బమ్ పట్టేసేది. కుక్కరు పెట్టి, కూర తరిగి, పోపు వేసి దించేలోపు ఒక ఆల్బమ్ పూర్తయిపోతుంది.

కూతురు ఇల్లు విడిచినప్పుడు

బీటిల్స్ బృందం 1967లో తెచ్చిన 'సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్'ను రాక్ ఆల్బమ్‌లన్నిటికీ మకుటం అంటారు చాలామంది. నేను మాత్రం అంత ఒప్పుకోను. పెళ్లి పందిరికి మరీ ఎక్కువ దీపాలు పెట్టినట్టు అలంకారం కాస్త మితిమీరింది. జార్జ్ హారిసన్ మన సితార్, తబలా, దిల్‌రుబాల మోజుతో చేసిన పాట కూడా అందులో ఉంది. అది వింటే ముచ్చటేస్తుంది. కానీ ఆ వాద్యాలు వాయించిన భారతీయుల పేర్లు అప్పటి కవరు మీద లేవు.

ఆ ఆల్బమ్‌లో నాకు ప్రాణమైన పాట 'షీ ఈజ్ లీవింగ్ హోమ్'. ఇల్లు విడిచి వెళ్లిపోయిన ఒక పదిహేడేళ్ల అమ్మాయి గురించి పత్రికలో వచ్చిన వార్త చూసి రాసిన పాట అది. పాల్ మెకార్ట్‌నీ కథ చెబుతూ ఉంటే, జాన్ లెనన్ మధ్యమధ్యన తల్లిదండ్రుల మాటలు అందుకుంటాడు. ఇద్దరి పక్షమూ వినబడుతుంది. "అన్నీ కొనిపెట్టాం కదా, ఏం తక్కువ చేశాం?" అని అడిగే అమ్మానాన్నలు మన వీధిలో లేరంటారా? కూతురికి కావలసింది కొనిపెట్టే వస్తువు కాదేమో అన్న అనుమానం వాళ్లకు రాదు. ఆడపిల్ల తల్లులు ఈ పాట ఒక్కటైనా వినాలి.

ఆ పాటలో గిటార్లు, డ్రమ్స్ లేవు. మొట్టమొదట వినబడేది హార్ప్ అనే తంత్రీవాద్యం. వాయించినామె షీలా బ్రోంబర్గ్. బీటిల్స్ రికార్డు మీద వాయించిన మొదటి మహిళ ఆవిడే! ఆవిడ పేరు కూడా ఆ కవరు మీద లేదు.

అర్ధరాత్రి వచ్చిన పిలుపు

రోలింగ్ స్టోన్స్ అంటే నాకు సగం ఇష్టం, సగం కోపం. 1971 నాటి వాళ్ల 'బ్రౌన్ షుగర్' పాటలో నల్లజాతి బానిస స్త్రీల గురించి రాసిన తీరు ఎంత హుషారు బాణీ ఉన్నా గొంతు దిగదు. 2021లో వాళ్లే తమ కచేరీల జాబితాలోంచి ఆ పాటను తీసేశారు. కానీ 1969లో వచ్చిన 'లెట్ ఇట్ బ్లీడ్' ఆల్బమ్ మొదటి పాట 'గిమ్మీ షెల్టర్' విన్నప్పుడల్లా నేను చేస్తున్న పని ఆపేస్తాను.

యుద్ధం, భయం, తలదాచుకునే చోటు కోసం వెతుకులాట... ఇదీ పాట సంగతి. దానికి ఒక ఆడగొంతు కావాలనుకున్నారు. లాస్ ఏంజెలెస్‌లో మెర్రీ క్లేటన్ అనే గాయనికి అర్ధరాత్రి కబురు పంపారు. ఆమె అప్పుడు నిండు గర్భిణి. పడుకోబోతూ జుట్టుకు చుట్టుకున్న రోలర్లతో అలాగే స్టూడియోకి వెళ్లింది. రెండు మూడుసార్లు పాడింది. పైస్థాయికి వెళ్లిన చోట ఆమె గొంతు చీలిపోవడం రికార్డులో స్పష్టంగా వినబడుతుంది. ఆ చీలిక దగ్గరే పాట ఆకాశానికి లేస్తుంది. ఇంటికి వెళ్లాక ఆమెకు గర్భస్రావం అయింది. చాలా ఏళ్లపాటు ఆ పాట వినలేకపోయానని ఆవిడ తర్వాత చెప్పుకుంది.

ఇంత చేసినందుకు కవరు మీద ఆమె పేరు వేశారు గానీ, 'మేరీ' అని తప్పు వేశారు! తెర వెనక పాడే ఇలాంటి గాయనుల మీద 2013లో '20 ఫీట్ ఫ్రమ్ స్టార్‌డమ్' అనే డాక్యుమెంటరీ వచ్చింది. మరుసటి ఏడాది దానికి ఆస్కార్ కూడా దక్కింది. మెర్రీ క్లేటన్ ఎవరో లోకానికి సరిగా తెలియడానికి నలభై నాలుగేళ్లు పట్టిందన్నమాట.

గట్టు తెగిన రాత్రి

లెడ్ జెప్లిన్ బృందం 1971లో తెచ్చిన నాలుగో ఆల్బమ్‌కి పేరే లేదు. అందరూ 'ఫోర్' అంటారు. అందులో అందరికీ తెలిసిన పాట 'స్టెయిర్‌వే టు హెవెన్'. బాగుంటుంది, కాదనను. మా వైపు వాళ్లు వినాల్సింది మాత్రం ఆఖరి పాట 'వెన్ ద లెవీ బ్రేక్స్' అంటాను. గట్టు తెగినప్పుడు అని అర్థం. పాత ఇంటి హాల్లో మెట్ల కింద డ్రమ్స్ పెట్టి, పైనుంచి మైకులు వేలాడదీసి రికార్డు చేశారు. ఆ దెబ్బలు వింటుంటే నిజంగానే వరద తోసుకొస్తున్నట్టు ఉంటుంది.

అసలు పాట వీళ్లది కాదు. 1927లో అమెరికాలో మిసిసిపీ నది గట్లు తెంచుకుని ఊళ్లకు ఊళ్లు ముంచేసింది. నిలువ నీడ లేక వలసపోయిన వాళ్లలో నల్లజాతి కూలీలే ఎక్కువ. ఆ కష్టాన్ని 1929లో పాటగా రికార్డు చేశారు మెంఫిస్ మిన్నీ, ఆమె భర్త కాన్సాస్ జో మెకాయ్. పాడింది భర్త, మిన్నీది గిటార్ వాయిద్యం. ఆ రోజుల్లో ఒక నల్లజాతి మహిళ గిటార్ పట్టుకుని మగవాళ్లతో పోటీపడి బతికిందంటే మాటలా! లెడ్ జెప్లిన్ వాళ్లు పాట రచయితల్లో మిన్నీ పేరు వేశారు. భర్త పేరు మాత్రం వదిలేశారు. పేరు పోవడమంటే ఏమిటో అక్కడ మగవాడికీ తెలిసొచ్చింది! 1973లో చనిపోయిన మిన్నీ సమాధికి 1996లో గానీ సరైన రాయి పడలేదు. దాని ఖర్చు పెట్టుకున్నదీ ఇంకో గిటార్ వాద్యకారిణి, బోనీ రెయిట్.

నాగావళి, వంశధార పొంగిన రాత్రులు చూసినవాళ్లకు, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేయడం చూసినవాళ్లకు ఈ పాట పరాయిది కాదు. భాష అక్కర్లేదు, గిటార్ చాలు.

ఇదే ఆల్బమ్‌లో శాండీ డెనీ అనే గాయని ఒక పాటలో రాబర్ట్ ప్లాంట్‌తో కలిసి పాడింది. లెడ్ జెప్లిన్ రికార్డుల్లో బయటి గాయని పాడడం అదొక్కసారే. బృందంలో ఒక్కొక్కరికీ ఒక్కో గుర్తు వేసుకున్నట్టే ఆమెకూ ఒక గుర్తు వేశారు. మంచి పనిని మంచి అనాలి కదా!

మాటల్లేని పాటకు ముప్ఫై పౌన్లు

"ఇంగ్లీషు పాటలు నీకెలా అర్థమవుతాయి పిన్నీ?" అని మా పక్కింటి అమ్మాయి అడుగుతూ ఉంటుంది. అలాంటివాళ్లకి నేను పెట్టే పాట 'ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై'. పింక్ ఫ్లాయిడ్ 1973 నాటి ఆల్బమ్ 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్'లోది. అందులో పాడినామె ఒక్క మాటా పలకదు. ఆలాపన, అంతే! మొదట గుండెలు బాదుకున్నట్టు, తర్వాత సొమ్మసిల్లినట్టు, చివర్లో ఎవరికో నచ్చచెబుతున్నట్టు సాగుతుంది. చావు గురించిన పాట అని ఎవరూ చెప్పకుండానే మా వీధిలో ఒక పెద్దావిడ విని, "ఎవులే ఆ అమ్మి? పాపం, ఇంటిలో ఏటయ్యిందో!" అంది. అంతకు మించిన సమీక్ష నేను ఏ పత్రికలోనూ చదవలేదు.

పాడినామె క్లేర్ టోరీ. 1973 జనవరిలో ఒక ఆదివారం లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోకి పిలిపించారు. మాటలు ఇవ్వలేదు, స్వరం ఇవ్వలేదు. రిచర్డ్ రైట్ కట్టిన బాణీ మీద "నీకు తోచింది పాడు" అన్నారు. నా గొంతునే ఒక వాద్యం అనుకుంటాను అనుకుని పాడేసింది. ఆదివారం కాబట్టి రెట్టింపు కూలి... ముప్ఫై పౌన్లు! ఆ ఆల్బమ్ అమెరికా అమ్మకాల జాబితాలో 700 వారాలకు పైగా నిలబడింది. పాడినామెగా ఆమె పేరు వేశారు గానీ, సంగీతం కట్టినవారిలో ఆమెను లెక్క వేయలేదు. తోచింది పాడు అన్నప్పుడు ఆ తోచినదంతా ఎవరిది? 2004లో ఆమె కోర్టుకెక్కింది. 2005లో రాజీ కుదిరింది. అప్పట్నుంచి ఆ పాట స్వరకర్తలుగా రైట్, టోరీ ఇద్దరి పేర్లూ వేస్తున్నారు. ముప్ఫై రెండేళ్ల తర్వాతైనా అడిగింది, సాధించింది. ఈ ఆల్బమ్‌కి నేను నూటికి తొంభై అయిదు వేస్తాను. అందులో సగం క్లేర్ టోరీకే!

ఒకే ఇంట్లో తెగిన రెండు బంధాలు

1977లో ఫ్లీట్‌వుడ్ మాక్ బృందం తెచ్చిన 'రూమర్స్' నాలుగు కోట్లకు పైగా అమ్ముడుపోయింది. ఈ బృందంలో ఇద్దరు ఆడవాళ్లు... క్రిస్టీన్ మెక్‌వీ, స్టీవీ నిక్స్. ఇద్దరూ పాడతారు, ఇద్దరూ రాస్తారు. ఆల్బమ్ తయారయ్యే వేళకి క్రిస్టీన్ తన భర్త జాన్‌తో, స్టీవీ తన సహచరుడు లిండ్సే బకింగ్‌హామ్‌తో విడిపోతున్నారు. నలుగురూ ఆ బృందంలోనే ఉన్నారు! పొద్దున దెబ్బలాడుకుని, సాయంత్రం ఒకే మైకు దగ్గర నిలబడి ఒకరి మీద ఒకరు రాసుకున్న పాటలు పాడుకున్నారన్నమాట. మాట పట్టింపులతో ఒకే కప్పు కింద కాపురం చేసే ఉమ్మడి కుటుంబాలు చూసిన మనకి ఈ ఆల్బమ్ ఇట్టే అర్థమైపోతుంది.

ఇక్కడా ఒక చిక్కుంది. స్టీవీ మీద లిండ్సే రాసిన 'గో యువర్ ఓన్ వే' ఆల్బమ్‌లో ఉంది. లిండ్సే గురించి స్టీవీ రాసిన 'సిల్వర్ స్ప్రింగ్స్' మాత్రం నిడివి ఎక్కువైందని తీసేశారు. అతని పాట రికార్డుకే వెనకవైపున దాన్ని వేశారు. అతని ఫిర్యాదు ముందు గదిలో, ఆమె జవాబు పెరట్లో అన్నట్టు! 1997లో బృందం మళ్లీ కలిసినప్పుడు వేదిక మీద ఆమె అతని కళ్లలోకి చూస్తూ ఆ పాట పాడింది. అప్పటికి గానీ ఆ పాట విలువ జనానికి తెలియలేదు. ఆ కచేరీ దొరికితే తప్పక చూడండి.

సొంత పేరుతో నిలబడినవాళ్లు

అందరి కథా వెనక గదిలోనే ఆగిపోలేదు. కరోల్ కింగ్ పద్దెనిమిదేళ్లకే భర్త గెరీ గాఫిన్‌తో కలిసి పాటలు కట్టి పేరు తెచ్చుకుంది. ఎక్కువగా ఇతరులు పాడినవే. విడాకులయ్యాక, ఇద్దరు ఆడపిల్లల తల్లిగా 1971లో 'టేపెస్ట్రీ' ఆల్బమ్ తెచ్చింది. టేపెస్ట్రీ అంటే ఊలుతో, దారంతో చేసే బొమ్మల అల్లిక పని. కవరు మీద కిటికీ పక్కన ఉత్తి కాళ్లతో, చేతిలో తను కుట్టిన బట్టతో కూర్చుని ఉంటుంది. ముందు ఒక పిల్లి. అలంకారం లేదు, వయ్యారం లేదు. అమెరికాలో 15 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. గ్రామీ అవార్డుల్లో 'ఈ ఏటి పాట' బహుమతి పొందిన మొదటి మహిళ ఆవిడే. గొప్ప గొంతు కాదు, మన వదిన కూనిరాగం తీస్తున్నట్టు ఉంటుంది. అందుకే నాకిష్టం.

దానికి పూర్తిగా ఎదురు జానిస్ జాప్లిన్. ఆమె గొంతు గరగరలాడుతుంది, పగిలిపోతుంది. 'పెర్ల్' ఆల్బమ్ పూర్తి కాకుండానే 1970 అక్టోబరు 4న హెరాయిన్ మత్తుకు బలైపోయింది. అప్పటికి 27 ఏళ్లు. ఒక పాటకు ఆమె గొంతు ఇంకా రికార్డు కాలేదు. దాన్ని వట్టి వాద్యాలతోనే అలా ఉంచేశారు. ఆ ఖాళీ వింటే కడుపు తరుక్కుపోతుంది. ఆమె పాటను ప్రేమిద్దాం గానీ ఆ మత్తును గొప్ప చేసి చెప్పే రాతల్ని నమ్మొద్దు. ఆ మత్తే లేకపోతే ఆమె ఇంకా ఎన్నో ఆల్బమ్‌లు పాడి ఉండేది.

ఇక క్రాన్‌బెర్రీస్ వారి 1994 ఆల్బమ్ 'నో నీడ్ టు ఆర్గ్యూ'. అందులోని 'జాంబీ' పాటను ఐర్లండ్ అమ్మాయి డొలోరెస్ ఓరియోర్డన్ రాసి పాడింది. 1993లో ఇంగ్లండ్‌లోని వారింగ్టన్‌లో బాంబులు పేలి మూడేళ్ల పసివాడు, పన్నెండేళ్ల పిల్లవాడు చనిపోయారు. ఆ కోపంలోంచి పుట్టిన పాట. కోపం పాట కావడం మనకు తెలియనిదా? జముకుల కథతో సుబ్బారావు పాణిగ్రాహి, గజ్జె కట్టి వంగపండు ప్రసాదరావు ఈ నేల మీద చేసిన పనే అది. ఆ పని ఒక ఆడపిల్ల ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకుని చేస్తే మాత్రం మనకు రొదగా ఎందుకు వినబడాలి?

మరి మన పాటల మాటేమిటి?

పరాయి దేశాల వాళ్లను అనేముందు మన సంగతీ చూసుకోవాలి. 1949లో వచ్చిన హిందీ సినిమా 'మహల్' రికార్డు మీద పాడిన లతా మంగేష్కర్ పేరు లేదు. కథలోని పాత్ర 'కామిని' పేరు వేశారు! 1935లో మన విజయనగరంలో పుట్టిన పి.సుశీల గారి పేరు మాత్రం 17,695 పాటల లెక్కతో 2016లో గిన్నిస్ బుక్కుకెక్కింది. ఎవరో పాట పాటకీ పేరు రాసిపెట్టుకున్నారు కాబట్టే ఆ లెక్క తేలింది.

అలా రాసిపెట్టనివాళ్లు మన ఊళ్లలో ఎంతమందో! వరినాట్లప్పుడు పాట ఎత్తుకునే ఆవిడ, పెళ్లిలో నలుగు పాట, అప్పగింతల పాట పాడే పెద్దమ్మ, ఉయ్యాల ఊపుతూ అప్పటికప్పుడు మాట కట్టే మామ్మ... ఆ పాట ఎవరో యూట్యూబ్‌లో పెడితే కింద 'జానపదం' అని ఉంటుంది. ఆమె పేరు ఉండదు. క్లేర్ టోరీకి కోర్టు ఉంది, వీళ్లకు అదీ లేదు.

అందుకే ఒక్క పని చేయండి. మీ ఇంట్లో పాట తెలిసిన ఆడమనిషి ఉంటే ఈ ఆదివారం ఆమె పక్కన కూర్చోండి. సెల్‌ఫోన్‌లో రికార్డు చేయండి. పాటకు ముందు ఆమె చేతే ఆమె పేరు, ఊరు, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకుందో చెప్పించండి. "నా పేరెందుకమ్మా, సిగ్గేత్తంది" అంటుంది. అయినా చెప్పించండి.

ఇక రాక్ వినాలని మీకు సరదా పుడితే 'టేపెస్ట్రీ'తో మొదలుపెట్టండి. తర్వాత 'రూమర్స్', ఆ తర్వాత 'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్'. 'లెట్ ఇట్ బ్లీడ్' ఇంట్లో ఎవరూ లేనప్పుడు, కాస్త సౌండు పెంచి వినండి. పాట అయిపోయాక కవరు మీద పేర్లు చదవడం మాత్రం మరిచిపోకండేం!